మట్టితో కట్టిన గోడ

సర్కారు నాకు మూడు నెలలు మేస్త్రీ పని నేర్పింది. కాల్వ కింద పొలాలు కొనొచ్చి ఇండ్లు కట్టించే ఆంధ్రోళ్లేమో మేస్త్రీలను తమ ఊళ్లకెల్లే తెచ్చుకున్నరు. సింధనూరు దాకా తిరిగిన, ఒక్కడూ పనియ్యలే.

కడకు నేర్పిన సెంటర్‌కే పిలిచిండ్రు.

"ఈరన్నా, పనుంది, చేస్తవా?" అన్నడు సూపర్వైజరు.

"చేస్త సార్. ఏ గోడ కట్టాలె?"

"కట్టుడు కాదురా. మీ బ్యాచి నేర్చుకునేటప్పుడు సిమెంటు బదులు మట్టితో కట్టిన గోడలు కూలగొట్టు. కొత్తోళ్లు నేర్చుకోనీకి గవే ఇటుకలు గావాలె."

గడ్డపార తీసుకొని ముందుగాల నా గోడ కాడికే పోయిన.

కొత్తగ చేరినోళ్లు నిలబడి చూస్తున్నరు. "సార్, ఇది నేర్చుకుంటే కొలువు దొరుకుతదా?" అనడిగిండు ఒకడు.

"ఈరన్న గూడ ఈడనే నేర్చుకున్నడు. మీ కండ్లముందల పని చేస్తలేడా?" అన్నడు సూపర్వైజరు.

వాళ్లు నా దిక్కు ఆశగ చూసిండ్రు. నిజం నాలిక దాకా వచ్చింది. చెప్తే ఈ కూలి గూడ పోతది. గడ్డపారెత్తి నా గోడకు ఇంకో దెబ్బ కొట్టిన.