ముక్క పరీక్ష

చేవెళ్ల దవాఖానలో డాక్టరమ్మ ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు చదివి, నీలమ్మకు గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరని చెప్పింది.

భర్త అంజిలయ్య లోపలికి రాలేదు. మొయినాబాద్ పొలాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లకు అమ్మి కొన్న కారులో కూర్చున్నాడు. “ఆడోళ్ల రోగం, నాకెందుకు?” అన్నాడు.

“పెండ్లెప్పుడైందమ్మా?” అడిగింది డాక్టరమ్మ.

“పదహారేండ్లకు.”

“ఇది చాలావరకు కాపురంలో అంటుకునే వైరస్‌తో వస్తది. మగవాళ్లకు తెల్వనే తెల్వదు, ఆడవాళ్లకు ఏండ్ల తర్వాత బయటపడ్తది. మీ ఆయనకు వేరే ఆడవాళ్లున్నరా?”

“ఉన్నరు. ఊరంత ఎరికే.”

“మీ ఇంట్ల ఇంకెవరికన్నా గిట్లయిందా?”



“మా అక్కకయింది. గిట్లనే నెత్తురు పోతుంటే, ఎవనితోనో తిరిగి రోగం తెచ్చుకున్నదని మొగుడు మా ఇంటికి తోలిండు. మేము గూడ నమ్మినం. పశువుల కొట్టంల పండబెట్టినం. దూపైతుందని ఏడిస్తే, నేను దగ్గరికి పోకుండ దూరంనుంచే నీళ్లు పోసిన. అండ్లనే సచ్చిపోయింది.”

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. “ఆమె భర్త ఇప్పుడెక్కడున్నడు?”

“అక్క పోయిన మూడో నెల,” అంది నీలమ్మ, “నన్ను ఆయనకే ఇచ్చి చేసిండ్రు.”