ఒక్క మెట్టు పైన

షాపువాడు రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టి రెండింట్లోనూ ఒకే వీడియో నొక్కాడు.

ఒకటి రివ్వున అందుకుంది. రెండోదాని తెరమీద సున్నా గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది.

"ఇందులో ప్రాసెసర్ పదో తరం. అందులో పదమూడో తరం. తేడా మీరే చూడండి."

"అత్తా కోడళ్ళన్నమాట," అన్నాడు చిన్నకోడలి భర్త.

"చాకిరీ కోడలిదేగా!" అంటూ చిన్నకోడలు కొత్తదాని మీద చెయ్యి వేసింది.

తోడికోడలు పోయిన నెల కొన్నది పన్నెండో తరం. చుట్టాలందరికీ చూపించి ఒకటే మురిసిపోయింది. దానికంటే ఒక్క మెట్టయినా పైన ఉండాలి.

"టైపు చేసింది పైకి చదువుతుందా నాయనా ఇది?"

పక్కనే ఓ ముసలావిడ.

"రెండూ చదువుతాయమ్మా."

"కెమెరా కూడా వేసి, అప్పుడు చదివించు."

కొత్తది గలగలా చదివేసింది. పాతది ఒక్కో మాటా కూడబలుక్కుంది.

"చదువు రాదేమో పాపం," చిన్నకోడలు భర్త చెవిలో గొణిగింది.

"ఆ కొత్తది ఇవ్వు నాయనా. మాది నిన్ననే పాడైంది."

"అదొక్కటే ఉందమ్మా. మళ్ళీ వచ్చే నెలే సరుకు. ఈ మేడంగారు ముందొచ్చారు."

ముసలావిడ ఇటు తిరిగింది. "ఏమ్మా, నువ్వు కొన్నాళ్ళు ఆగగలవా? మా అబ్బాయికి..."

"మా అమ్మాయికి పరీక్షలండీ. చదువు పాడైపోతుంది," అనేసింది చిన్నకోడలు.

భర్త దగ్గాడు. అమ్మాయి చదువు ముగించి ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది.

"అయ్యో, చదువుకునే పిల్లకా! తీసుకో తల్లీ. మేం ఎలాగోలా సర్దుకుంటాం."

ముసలావిడ పాతదాన్నే ప్యాక్ చేయించుకుంది.

"చూశారా, మాట నేర్పంటే అదీ!" బయటికొస్తూ నవ్వింది చిన్నకోడలు.

కొన్నాళ్ళకు మెడ పట్టేసి ఆసుపత్రికి వెళితే, వరండాలో ఆ ముసలావిడే ఎదురైంది. పక్కన చక్రాల కుర్చీలో ఆమె కొడుకు. కుర్చీకి బిగించిన పలక మీద ఆ పాత లాప్‌టాప్.

"ఒరే, నే చెప్పానే, పరీక్షల పిల్ల! వాళ్ళమ్మరా. బాగా రాసిందామ్మా?"

"రాసిందండీ." చెవులు వేడెక్కాయి.

ఆ చూపు తప్పించుకోవడానికి కొడుకువైపు తిరిగింది. "బాగున్నారా బాబూ?"

అతను తల కూడా తిప్పలేదు. రెప్ప వెయ్యకుండా తెరనే చూస్తున్నాడు.

పలకరిస్తే పలకడేం, ఎంత పొగరు అనుకుంటూ చిన్నకోడలు వెళ్ళబోయింది.

"ఆగు తల్లీ, వెళ్ళకు," ముసలావిడ చెయ్యి పట్టుకుంది. "వాడు చూపుతోనే రాస్తాడు. అది పలుకుతుంది. నీకేదో చెబుతున్నాడు."

తెరమీద సున్నా గిరగిరా తిరుగుతోంది.

లోపలి నుంచి చిన్నకోడల్ని పిలిచారు. ఆమె కదల్లేదు. తల ఎత్తలేకపోయింది.

"ఏమనుకోకమ్మా, కాస్త ఆలస్యమవుతుంది," అంది ముసలావిడ, తప్పు తనదే అయినట్టు. "మావాడికున్న గొంతు అదొక్కటే."