తాళం లేని మాటలు

"అది తీసేస్తే పాత కస్టమర్లు గోల పెడతారు. ఉండనీ అనూరాధా," అన్నాడు మేనేజర్ గుణశేఖర్.

"ఉంచితే మా పేటలో నన్ను బతకనివ్వరు సార్," అంది అనూరాధ.

రుషికొండలో ఉన్న ఆ చిన్న కంపెనీ, చేపల బోట్ల వైర్‌లెస్ సెట్లకు ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. బోటులో ఒకరు మాట్లాడితే ఆ మాటకు తాళం పడుతుంది. ఒడ్డున ఆ బోటు ఓనరు సెట్టు దగ్గరే తెరుచుకుంటుంది. చేప ఎక్కడ పడిందో జాలరి తన ఓనరుకు తప్ప బావమరిదికి కూడా చెప్పడు. అందుకే సెట్లు బాగా అమ్ముడయ్యాయి.

అయినా కొన్నాళ్లుగా ఒక బోటు వల వేసిన చోటికి మర్నాటికల్లా మరో నాలుగు బోట్లు వచ్చి వాలుతున్నాయి. జాలరిపేట నుంచి ఆ కంపెనీలో పనిచేసేది అనూరాధ ఒక్కతే. ఇంకేం కావాలి? "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని ఆమెకు వినపడేలా అనడం మొదలుపెట్టారు. సొంత అన్న మోహన్ కూడా మొన్న వేటకు వెళ్తూ, "ఎవులైనా అడిగితే మా బోటు సంగతి సెప్పేయకు," అని వెళ్లాడు. ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది.

"సార్, మన టవరు తాళం వేసిన మాటతో పాటు తాళం లేని నకలు కూడా గాల్లోకి వదుల్తోంది. పాతకాలం సెట్లకు తాళం తీయడం రాదని అప్పుడెవరో పెట్టిన ఏర్పాటు. అలాంటి సెట్టు ఉన్నవాళ్లు అందరి మాటలూ వినేయొచ్చు."

"ఆ సెట్లు ఇంకా ఎవరి దగ్గరున్నాయి?"

"బోట్లలో ఒక్కటీ లేదు. అన్నీ కొత్తవే."

"మరి వినేదెవరు?"

"మాట్లాడేవాళ్లయితే దొరుకుతారు. ఊరికే వినేవాళ్లు ఎలా దొరుకుతారు సార్?"

గుణశేఖర్ గడ్డం గోక్కున్నాడు. "సరే, తీసెయ్. పాత సెట్టు పలకడం లేదని ఒక్క కంప్లయింట్ వచ్చినా నువ్వే చూసుకోవాలి."

ఆ మధ్యాహ్నమే అనూరాధ ఆ ఏర్పాటు తీసేసింది. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి కాసులమ్మ గుమ్మంలో కూలబడి ఉంది. పొయ్యి వెలగలేదు.

"ఏటైందమ్మా?"

"అమ్మోరు పలకలేదే గుంటా! పాపాయమ్మ ఒంటి మీదకొచ్చింది, ఊగింది, ఏపాకు నమిలింది. నా కొడుకు బోటు ఎక్కడుంది తల్లీ అంటే మాత్రం నోరిప్పలేదు. ఇన్నాల్ల బట్టి అడగతన్నాను, ఏనాడూ ఇలా లేదు. మీ అన్నకి ఏదో అయిపోయిందే!"

అనూరాధ వెంటనే బోటు ఓనరుకు ఫోన్ చేసింది. మోహన్ పొద్దున్నే మాట్లాడాడనీ, రేపు ఒడ్డుకొస్తాడనీ ఆయన చెప్పాడు. ఆ మాటే తల్లికి చెప్పింది.

"ఓనరు మాటేటి? బోటు ములిగినా రేపొత్తాదనే అంటాడు. అమ్మోరు సెప్పీదాకా నాను మంచినీల్లు ముట్టను."

కాసులమ్మకు షుగరు. పొద్దుటి మాత్ర కూడా వేసుకోలేదు. బతిమాలినా, కసిరినా కదల్లేదు. అనూరాధకు భయమేసింది. చెప్పులు తొడుక్కుని, పేటలో అమ్మవారు పూనే పాపాయమ్మ ఇంటికి పరిగెత్తింది.

అక్కడ వాకిలి నిండా ఆడవాళ్లే. అందరి మొగుళ్లూ కొడుకులూ సముద్రం మీదే ఉన్నారు. ఎవరి ముఖంలోనూ కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. లోపల నూకాలమ్మ పటం ముందు పాపాయమ్మ జుట్టు విరబోసుకుని దిగులుగా కూర్చుంది.

"అత్తా, మా యమ్మ పొద్దుట్నుంచి ఏటీ ముట్టలేదు. అన్న బాగున్నాడని ఒక్క మాట సెప్పేయ్. నీ మాటయితే ఇంటది."

"అమ్మోరు పలక్కుండా నానేటి సెప్తాను?" పాపాయమ్మకు కోపం వచ్చింది. "అబద్దం ఆడమంటావేటి? ఇన్నాల్లలో తెలీకుండా ఒక్క ముక్క సెప్పలేదు నాను. బోటు ఎక్కడుందంటే అక్కడే ఉంది. సేప పడిందంటే పడింది."

"అది కాదత్తా..."

"అమ్మోరి మీద పెమాణం. నాకు తెలిస్తే సెప్పనా? నిన్నటి బట్టి నాకూ ముద్ద దిగట్లేదు."

అనూరాధ ఇక చేసేది లేక లేచింది. గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి పిలుపు.

"ఒలే, నువ్వు రుసికొండలో ఆ సెట్ల కంపినీలో కదేటి పనిసేత్తన్నావ్?"

"అవునత్తా."

పాపాయమ్మ లేచి, బయటి ఆడవాళ్లకు కనపడకుండా తలుపు దగ్గరగా వేసింది. పటానికి దండం పెట్టుకుని, కింది పీట పక్కకు జరిపింది. అడుగు నుంచి పసుపు గుడ్డలో చుట్టినదేదో తీసి అనూరాధ చేతిలో పెట్టింది. గుడ్డ విప్పితే, చచ్చిపోయిన మొగుడి బోటు తాలూకు పాత వైర్‌లెస్ సెట్టు.

"నిన్న మద్దేనం నుంచి అమ్మోరు పలకట్లేదు," అంది పాపాయమ్మ గొంతు తగ్గించి. "ఒకపాలి బాగుసేసి పెట్టు తల్లీ."