తాలింపు వాసన

స్పానర్ దెబ్బకు ఏకాంబరం మణికట్టు ‘టక్’మంది. చేతిలోని అగ్గిపెట్టె ఎగిరి రోడ్డు మీద పడింది.

“సంపేసినాడ్రోయ్!” అంటూ వెల్డింగ్ షాపు ఓనరు చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు.

కొట్టినవాడు బయటివాడు కాదు. అదే షాపులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న మునికుమార్. స్పానర్ ఇంకా పైకెత్తే ఉన్నాడు.

“అగ్గి ముట్టించొద్దన్నా! గ్యాసు కారతా ఉండాది. వాసన రాలేదా నీకు?”

వాసన అందరికీ వస్తోంది. వెల్లుల్లి వాసన, వాళ్ళ మాటలో తెల్లగడ్డ వాసన. వెల్డింగ్ గ్యాసు కూడా అచ్చం అలాగే కంపు కొడుతుందని ఆ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. పక్కనే ఆనందమ్మ మెస్సు ఉందనీ, పదకొండయ్యేసరికి ఆమె రసం తాలింపు ఏర్పేడు రోడ్డంతా కమ్మేస్తుందనీ కూడా తెలుసు.

ట్రాక్టర్ ట్రాలీ బాగుచేయించుకోవడానికి వచ్చిన గిరిప్రసాద్‌కు ఈ వాసనల గొడవ పట్టలేదు. వెనకనుంచి మునికుమార్ నడుం మీద తన్నాడు. బోర్లా పడ్డవాడి వీపు మీద మోకాలు వేసి, జుట్టు పట్టుకుని ముఖం నేలకేసి కొట్టాడు. ముక్కు పగిలింది. నుదుటి నామం రక్తంలో కలిసిపోయింది.

జనం మూగారు. పడ్డవాణ్ణి తన్నడానికి కారణం ఎవడిక్కావాలి? తలా ఒక తన్ను తన్నారు. రోడ్డు మీద పెరటాసి నెల నియమాలు పట్టి పసుపు బట్టలు కట్టిన భక్తులు గోవింద కొడుతూ తిరుమల కొండకు నడిచిపోతున్నారు.

“సబ్బునీళ్ళు పోసి సూడన్నా… ఒక్క నిమిషం…”

“పోయిన బుధవారం కూడా ఇట్లే అరిచినాడబ్బా!” ఏకాంబరం అందరికీ వినబడేలా అన్నాడు. “వీధినంతా పరిగెత్తించినాడు. సబ్బునీళ్ళు పోస్తే ఒక్క బుడగ రాలే. తీరా సూస్తే ఆనందమ్మ రసం!”

ఆ రోజునుంచి ఊళ్ళో వాడి పేరు ‘రసం కుమార్’. ఆ ఉక్రోషమంతా ఇప్పుడిలా తీర్చుకున్నాడని అందరికీ అర్థమైపోయింది.

“కట్టెయ్యండప్పా ఈ నా కొడుకుని!”

గొలుసు తెచ్చి షెడ్డు స్తంభానికి కట్టేశారు. మునికుమార్ భోరున ఏడ్చాడు. దెబ్బలకు కాదు, ప్రాణభయానికి.

“నీ కాళ్ళు మొక్కుతానన్నా. అందరం సస్తాం. నా బిడ్డలు దిక్కులేని వాళ్ళైపోతారన్నా!”

గిరిప్రసాద్ ఆ నోటి మీద చెప్పుతో కొట్టాడు. పెదవి చిట్లి మాట ఆగిపోయింది.

ఏకాంబరం వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వెల్డింగ్ టార్చ్ ముందు కూర్చున్నాడు. ఎవరో తెచ్చిచ్చిన అగ్గిపెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించి పుల్ల తీశాడు. మునికుమార్ గొలుసు లాక్కుంటూ మూలుగుతున్నాడు.

అరుపులు విని ఆనందమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

“నీ రసంతో సస్తాండామక్కా!” ఏకాంబరం నవ్వుతూ పుల్లను పెట్టెకు ఆనించాడు. “రేపట్నుంచి తెల్లగడ్డలు కొంచెం తగ్గియ్యి తల్లీ.”

ఆనందమ్మ అయోమయంగా చూసింది.

“పెరటాసి శనివారం గదప్పా, ఈపొద్దు తెల్లగడ్డ ముట్టనే లేదే!”