గడియారం వైపు తిరిగిన బాణం

"గడియారానికి ఎదురు తిరగాలి, దోజా. మక్కాలో మీ అమ్మ కాబా చుట్టూ ఎటు తిరిగొచ్చింది?"

"కాబాని ఎడమపక్క పెట్టుకుని, మాస్టారూ."

"మరి పరీక్షలో నువ్వు ఏటా గడియారం వైపే తిరుగుతావేం?"

మొంజీ మాస్టారికి వృత్తాలే వృత్తి. కైరవాన్ ఊరి కాలేజీలో ముప్పయ్యేళ్లుగా సంకీర్ణ సమాకలనాలు చెబుతున్నారు. ఆ తరగతిలో ఇప్పుడు మిగిలింది దోజా ఒక్కతే. జాబితాలో ఒక్క పేరున్నా తరగతి నడుస్తుంది. ఆ పేరు కూడా గట్టెక్కిందా, గది కంప్యూటర్లకి, మాస్టారు ఇంటికి. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనకు చుట్టూ గోడలే గానీ చుట్టాలు లేరు. అయినా పిల్లని గట్టెక్కించాలనే ఆయన పట్టుదల.

"మీ నాన్న మిఠాయి కొట్లో పొయ్యి మీది గుండ్రటి పళ్లెం అనుకో. అంచు మీద వేడి చోటుకో తీరు. నడిమధ్యన మూడు. అంచు చుట్టూ, కోణం వెంట, సమాకలనం ఎంత?"

"హరాత్మక ప్రమేయం కదా, అంచు సగటే నడుమ వేడి. దాన్ని రెండు పైతో హెచ్చించాలి."

"నోట్లో రెండు పైలు పెట్టుకుని పైకి రాలేకపోతున్నావే! ముందు చిత్తు, తర్వాత బోర్డు. పరీక్షకి బోర్డు మీదిదే లెక్క."

దోజా చిత్తు కాగితం మీద చకచకా రాసింది. దాన్ని ఉండచుట్టి బల్ల మీద పడేసి, బోర్డు దగ్గరికెళ్లి వృత్తం గీసింది. బాణం పెట్టింది, గడియారం వైపే. చివర్న రాసింది: మైనస్ ఆరు పై.

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. "అంచంతా కాలుతుంటే మొత్తానికి చలి ఎలా వేసిందమ్మా?"

"కొట్లో పళ్లేలు అటే తిప్పుతాం మాస్టారూ. చెయ్యి అలవాటు."

"పళ్లెం తిప్పుకో తల్లీ, నన్ను తిప్పకు. మూడేళ్లయింది."

"వచ్చే ఏడు ఉందిగా. నాన్న చేసిన ఖర్జూరం మక్రూద్ తినండి, వేడి మీదుంది."

'తప్పింది' అని రాస్తుంటే మాస్టారికి గుండెల మీది బరువు దిగింది. దిగినందుకు సిగ్గేసింది.

"గురువారం క్లాసుకి వస్తా. మీరు మాత్రం మానకండి," అంటూ దోజా వెళ్లిపోయింది.

రెండు మక్రూద్‌లు మిగిలాయి. తేనె కారుతున్నాయి. పొట్లం కట్టుకుందామని మాస్టారు బల్ల మీది కాగితపు ఉండని విప్పి, అరచేత్తో సాపు చేశారు.

అందులో మైనస్ లేదు.