మీటరు పెద్దాయన

"ఇదో, మీ మీటరు పెద్దాయన వచ్చేసినాడు!" అంటూ గ్రేసీ మోచేత్తో పొడిచింది.

నాగవేణి కుర్చీలోంచి లేచింది. ఏడో నెల కదా అని బంకు మేనేజరు పంపు పక్కన ఆమె కోసం వేయించిన కుర్చీ అది. సత్యవేడు నుంచి వస్తే రాష్ట్రం ఎల్ల దాటగానే తగిలే మొదటి పెట్రోలు బంకు ఇదే. ఇటు తమిళనాడు కాబట్టి లీటరుకు ఏడెనిమిది రూపాయలు తక్కువ. శనివారం వచ్చిందంటే చాలు, సత్యవేడు బండ్లలో సగం ఇక్కడే తేలతాయి.

గ్రేసీ పంపు దగ్గర ఒక్క బండీ లేదు. అయినా పెద్దాయన తన పాత స్కూటరును అటు తిప్పలేదు. నాగవేణి పంపు ముందు ఏడు బండ్లుంటే, వాటి వెనక ఎనిమిదో బండిగా నిలబెట్టాడు.

"సూసినావా? ఆయప్ప తూనికల ఆఫీసోడే, కావాలంటే రాసిస్తా," అంది గ్రేసీ. "నీ మొగం కూడా సూడడు. పోసినంతసేపూ మీటరే సూస్తాంటాడు. ఒక్క సుక్క తగ్గిందనుకో, నీ పని గోవిందా!"

"పోనీలేవే."

"పోనీలే ఏంది? వాదనలు పెట్టుకోని లైను ఆపేస్తాండాడని మేనేజరు మండిపడతాండాడు. ఇంక ఈడికి రావద్దని ఈ పొద్దు నువ్వే చెప్పాలంట."

ఆరు నెలలుగా ఒక్క శనివారం కూడా తప్పలేదాయన. రోజంతా పెట్రోలు వాసనలో గడిపే నాగవేణికి ఈ ఒక్క పూట కోసం ఎదురుచూడడం అలవాటైపోయింది. ఆయన్ను పట్టుకుని రావద్దని ఏ నోటితో చెబుతుంది? ఎందుకు చెప్పలేకపోతోందో గ్రేసీకి వివరించడమూ చేతకాలేదు.

లైనులో అప్పటికే వాదన మొదలైంది.

"రోడ్ల కోసరమని లీటరుకి ఇంకో రెండు రూపాయలు ఏస్తారంట! ఇదేమన్నా న్యాయమా?" పాల క్యాన్లు కట్టిన మోటారు సైకిలు మీద నుంచి కుప్పయ్య అందరినీ అడిగాడు.

"ఏయనీ," అన్నాడు పెద్దాయన వెనక నుంచి. "రెండు గాదు, మూడేసినా నేను కడతా."

"నీకేం సామీ! ఇప్పుడు కట్టేదే యాడికి పోతాండాదో తెల్దు. గుంత పూడ్సినోడు ఒకడన్నా కనబడినాడా?"

"లెక్క అడగాల, కాదన్లా. కడితే గదా అడిగేకి నోరుండేది? ఆ గుంతల్లో నీ పాలెన్ని ఒలికిపోయినాయో నువ్వే చెప్పు. కడుపుతో ఉండే ఆడబిడ్డ ఆ రోడ్డు మీద ఆసుపత్రికి పోవాలంటే ఏం గతి?"

"అబ్బో, శ్రీరంగ నీతులు!" కుప్పయ్య పకపకా నవ్వాడు. "మన పక్క బంకులో పోయించుకుంటే గదా పన్ను మన రోడ్డుకి పోయేది! నాలుగు డబ్బులు మిగుల్చుకునేకి నువ్వూ ఎల్ల దాటి ఈడికే వస్తివి. మాకెందుకప్పా బుద్ధులు?"

లైనంతా గొల్లుమంది. పెద్దాయన మొహం చిన్నబోయింది. స్కూటరు హ్యాండిలు పక్కకు తిప్పాడు.

నాగవేణి ఒక అడుగు ముందుకేసింది. పరువు కోసం ప్రాణమిచ్చే మనిషి. ఇప్పుడిలా పోయాడంటే మళ్ళీ ఈ ఛాయలకు రాడు. మేనేజరు కోరిందీ అదే కదా, ఊరుకుంటే ఆమె పని అయిపోయినట్టే. కానీ నోరు ఊరుకుంటేనా!

"నగబాకండన్నా!" అని గట్టిగా అరిచేసింది. "ఆయన మిగుల్చుకునేకి రాలేదు. వచ్చేటప్పటికే ఆ ట్యాంకు నిండుగా ఉంటాది. మన పక్క బంకులో పోయించుకోనే వస్తాడు. వంద నోటు చాపుతాడు, యాభైకే పొంగిపోతాది. ఆర్నెల్ల నుంచి పోస్తాండా, నాకు తెల్దా?"

నవ్వులు ఆగిపోయాయి. కుప్పయ్యకు నమ్మకం కుదరలేదు. బండి దిగొచ్చి, తానే స్కూటరు ట్యాంకు మూత తీసి తొంగి చూశాడు. పెట్రోలు అంచు దాకా ఉంది.

"ఇదేం సోద్యం సామీ! పన్ను ఆడ కట్టి, మళ్ళా ఈడికెందుకొస్తాండావు?"

పెద్దాయన ట్యాంకు మూత తిరిగి బిగించాడు.

"రోడ్డు సూసేకి," అన్నాడు చివరికి.

"రోడ్డా?"

"మా పాపకి ఏడో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాల గదా? ఈ దావనే రావాల బిడ్డ. వారం వారం వచ్చి సూస్తాండా, ఒక్క గుంతన్నా పూడ్సినారా అని. రోడ్డు బాగయినాక పిలుద్దామని..." ఆయన తల వంచుకున్నాడు. "నిజం చెప్పాలంటే రోడ్డుదేముంది అబ్బా. పిలిసేకి నాకు మొగం సాల్లేదు. దాని పెండ్లికి నేను పోలేదు. రెండేండ్లయింది మాట్లాడి."

కుప్పయ్యకు తాను నవ్విన నవ్వు తలుచుకుంటే సిగ్గేసింది. ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"కన్నబిడ్డ కాడ మొగం సాలకపోయేదేంది సామీ! నా పాలబండి ముందర పోతాది, గుంతలన్నీ నాకు నోటికొచ్చు. నువ్వు ఎనకాల నిదానంగా బాడిగ కార్లో తీసకరా. ఇంతకీ యాడుంటాది పాప?"

పెద్దాయన మెల్లగా తల పైకెత్తి, మొదటిసారి నాగవేణి మొహంలోకి చూశాడు.

"ఎప్పుడు రమ్మంటావు నాయనా?" అంది నాగవేణి.