ఆల్బంలో లేని ఫోటో

“గీ ఆల్బంల పెద్దమ్మ ఫోటో ఒక్కటన్న లేదేంది?”

సాంసన్ తన పెళ్లి రిసెప్షన్ ఆల్బంను మూడోసారి మొదటినుంచి తిరగేస్తున్నాడు. అతని పెద్దమ్మ పుష్పమ్మ సీడుపత్తి చేనులో పనిచేస్తూ చేస్తూనే కూలబడి చనిపోయింది. అప్పటికి నాలుగు రోజులు. ఆదివారం చర్చిలో ఆమె జ్ఞాపకార్థ కూడిక. ఫ్రేము కట్టించడానికి ఫోటో కావాలి. మొహం మీదా చేతుల మీదా బొల్లి మచ్చలని, బతికినన్నాళ్లూ ఎవరినీ ఫోటో తీయనిచ్చింది కాదు ఆమె. ఆధార్ కార్డులో ఉన్నది ఎవరి మొహమో పోల్చుకోలేనంత నల్లగా ఉంది.

“రిసెప్షన్ల నేనే చెయ్యి పట్టి స్టేజీ ఎక్కిచ్చిన. నీ పక్కకే నిలవెట్టిన. ఫ్లాష్ గూడ పడ్డది. నీకు యాదికి లేదా?”

“ఏమో... అంత మందిల...” అంది అతని భార్య పావని.

యాదికి లేకపోవడమేం? వడ్డేపల్లి ఫంక్షన్ హాల్లో గడిచిన ఆ సాయంత్రంలో పావని మరిచిపోయింది ఏదీ లేదు. పెళ్లయి నాలుగు నెలలైనా, మధ్యాహ్నం గిన్నెలు తోమడం కాగానే ఆల్బం ఒళ్లో పెట్టుకోనిదే ఆమెకు తోచదు. తెల్లటి పొగలోంచి ఇద్దరూ నడిచి రావడం, కేకు కోస్తుంటే సాంసన్ చెయ్యి గజగజ వణకడం, ఎన్నడూ అడుగు కదపని తన నాయన యోసేపు డీజే ముందు తువ్వాల ఊపుతూ ఎగరడం. అన్నీ తలుచుకుని ఒక్కతే నవ్వుకునేది. చూసి చూసి పేజీల మూలలు మెత్తబడ్డాయి.

ఆ ఒక్క ఫోటో ఎందుకు లేదో కూడా ఆమెకు తెలుసు.

రిసెప్షన్ అయ్యాక పావని చిన్నమ్మ కూతుళ్లు “నీ పక్కకు నిలవడ్డ ఆ మచ్చలామె ఎవరే? ఆ బొల్లి వాళ్ల వంశంల ఉన్నదా ఏంది?” అని కిసుక్కున నవ్వారు. పావనికి తల కొట్టేసినట్టయింది. ఫోటోగ్రాఫర్ కురుమూర్తికి మెసేజ్ పెట్టింది: ‘అన్నా, మచ్చలున్న పెద్దామె నా పక్కన ఉన్న ఫోటో ఆల్బంలో వద్దు. అసలు ఎక్కడా ఉండొద్దు. తీసెయ్యండి.’ ‘సరే చెల్లె’ అని జవాబొచ్చింది. ఆ తర్వాత పెద్దత్త పుష్పమ్మ ఇంటికొచ్చినప్పుడల్లా ఆల్బం బీరువాలో దాచేది. పెద్దత్త ఒక్కనాడూ చూపించమని అడగలేదు.

“గద్వాలకు పోయి కురుమూర్తన్ననే అడుగుదాం. పా, బండెక్కు,” అన్నాడు సాంసన్.

“నేనెందుకు? నువ్వు పోయి రారాదు?”

“పెద్దమ్మ ఆనాడు ఏ చీర కట్టిందో నాకు తెల్వదు. ఏ ఫోటోల యాడ మూలకు నిలవడ్డా నువ్వయితే పోలుస్తవు.”

అయిజ దాటేలోపు చెప్పేయాలనుకుంది పావని. అయిజ దాటింది. గద్వాల వచ్చేలోపన్నా చెప్పాలనుకుంది. బండి స్టూడియో ముందు ఆగింది.

లోపల కురుమూర్తి ఒక్కడే ఉన్నాడు. సంగతి వినగానే “అయ్యో, పెద్దమ్మ పోయిందా?” అంటూ కుర్చీలోంచి లేచాడు.

“ఫోటో ఉన్నదా అన్నా?”

“లేదు తమ్మీ. చెరిపేసిన.”

“చెరిపేసినవా? వీడియోల చూస్తే వీపు తప్ప కనవడ్తలేదు. ఉన్నది ఆ ఒక్క ఫోటోనే!” సాంసన్ కౌంటరు మీద చేత్తో చరిచాడు. “ఎవర్నడిగి చెరిపినవ్ నువ్వు?”

కురుమూర్తి పావని వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

తన పేరు చెప్పలేక మాట పడుతున్నాడనుకుంది పావని. ఇక ఆగలేకపోయింది.

“అన్నను అనకు. నేనే తీసెయ్యమన్న.”

సాంసన్ వెనక్కి తిరిగాడు.

“మా వాళ్లు నవ్విండ్రు. నాకు సిగ్గయింది. మెసేజ్ పెట్టిన. తప్పయింది...”

సాంసన్ పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు. “నన్ను చంకల వేసుకొని తిరిగింది పావనీ,” అన్నాడు మెల్లగా.

“తమ్మీ, జర ఆగు,” అన్నాడు కురుమూర్తి. “చెల్లె మెసేజ్ పెట్టింది బుధవారం. నేను చెరిపింది అంతకు రెండు దినాల ముందట, సోమవారం.”

ఇద్దరూ తలెత్తారు.

“మరి ఎవరు చెప్పిండ్రు?” అడిగాడు సాంసన్.

“మీ పెద్దమ్మనే. నేను షట్టరు తీద్దామని వచ్చేవరకే మెట్ల మీద కూసోనున్నది. ‘పిల్లగాడు నన్ను గుంజుకపోయి నిలవెట్టిండు. ఆ పిల్ల బతుకంత చూసుకునే ఆల్బంల నేనెందుకు? తీసెయ్యి నాయనా’ అన్నది. నేను గాదన్న. ఇన్లేదు. కంప్యూటర్ల తెరిపిచ్చి, చెరిపినదాక ఆడనే నిలవడ్డది. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నది.”

పావని కౌంటరు అంచు పట్టుకుంది. “నా మీద ఏమన్న అన్నదా అన్నా?” అని అడిగింది.

చెప్పాలా వద్దా అన్నట్టు కురుమూర్తి సాంసన్ వైపు చూశాడు.

“అన్నది చెల్లె. చెరిపే ముందట నీ మొకం పెద్దగ చేసి చూపియ్యమన్నది. శానసేపు చూసి, ‘నా పక్కకు నిలవడి గూడ ఎట్ల నవ్విందో చూడు నాయనా! గింత మంచి పిల్ల ఫోటో నాతోని ఖరాబు గావొద్దు’ అన్నది.”